టవర్లు రాని ఊళ్లలో కంప్యూటర్ బల్ల

కంప్యూటర్ బల్లను ముస్తాబు చేసి, ఫొటో తీసి, తోటివారికి చూపించి ముచ్చటించుకునే సరదా ఇప్పుడు గచ్చిబౌలి అపార్ట్‌మెంట్లు దాటి మొయినాబాద్, చేవెళ్ల ఇళ్లదాకా వచ్చింది. మానిటర్‌ను బల్ల మీద పెట్టకుండా ఇనుప చెయ్యికి బిగించి గాల్లో నిలబెట్టడం, వైర్లన్నిటినీ బల్ల కింద ట్రేలోకి తోసి ఒక్కటీ పైకి కనబడకుండా చూసుకోవడం, గోడ మీద వెలుగు పడేలా మానిటర్ వెనక రంగుల లైటు పట్టీ అతికించడం, కీబోర్డులో ఏ స్విచ్చు ఎలాంటి చప్పుడు చేస్తుందో గంటలకొద్దీ తర్కించుకోవడం ఈ సరదాలో భాగాలు. ఇంట్లో పెద్దవాళ్లు దీన్ని పైసలు ఎక్కువై చేసే పని అంటారు. పట్నం ఫ్యాషన్ పల్లెకు పాకిందనేది ఇంకొందరి తీర్పు. రెండు మాటలతోనూ నాకు పేచీ ఉంది. హైదరాబాద్–బీజాపూర్ రోడ్డు మీదున్న ఈ రెండు మండలాల్లో ఇంటి కంప్యూటర్ బల్ల షోకు వస్తువుగా మొదలవలేదు. ఆఫీసు భవనం లేవడానికి వీల్లేని నేల మీద ఆఫీసు పని ఇళ్లలో చేరింది, ఆ పనికి దొరికిన జాగ ఈ బల్ల. దాన్ని సింగారించి చూపించడంలో షోకు లేదనను. అంతకంటే ముందు, తన బతుకుదెరువు ఎక్కడుందో ఊరికీ వాడకూ తెలియజెప్పుకునే అవసరం అందులో ఉంది. పట్నంలో ఆ అవసరం ఆఫీసు భవనమే తీరుస్తుంది, ఇక్కడ బల్ల తీర్చాలి.

ఈ వాదన నిలవాలంటే ముందు నీళ్ల సంగతి మాట్లాడాలి. 1908 మూసీ వరద హైదరాబాద్‌ను ముంచేశాక నగరాన్ని కాపాడడానికి రెండు జలాశయాలు కట్టారు. గండిపేట అని అందరూ పిలిచే ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఆ నీళ్లు చెడిపోకూడదని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1996 మార్చి 8న జీవో 111 తెచ్చింది. జలాశయాల నిండు నీటిమట్టం నుంచి 10 కిలోమీటర్ల లోపల కాలుష్యం వదిలే పరిశ్రమలు, పెద్ద హోటళ్లు, నివాస కాలనీలు కుదరవని, కట్టే కట్టడమైనా స్థలం విస్తీర్ణంలో సగానికి మించిన అంతస్తుల వైశాల్యం ఉండరాదని దాని సారాంశం. 84 ఊళ్లు, సుమారు 1,32,600 ఎకరాలు దాని కిందికి వచ్చాయి. మొయినాబాద్ మండలం దాదాపు పూర్తిగా, చేవెళ్ల మండలంలో కొన్ని ఊళ్లు అందులో ఉన్నాయి. ఆ తర్వాత రెండున్నరేళ్లకే, 1998 నవంబర్ 22న, మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను అప్పటి ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించారు. అక్కణ్నుంచి అద్దాల భవనాలు గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ మీదుగా పడమటికి జరుగుతూ వచ్చాయి, గండిపేట దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాయి. స్థలం సగానికి మించి అంతస్తులు వెయ్యడానికి లేని చోట ఇరవై అంతస్తుల ఐటీ టవర్ గురించి ఎవరూ ఆలోచించరు. అందుకే అరగంట, ముప్పావుగంట ప్రయాణ దూరంలో దేశంలోనే పెద్ద ఐటీ కేంద్రాల్లో ఒకటి పెరిగినా, ఈ రోడ్డు పక్కన మాత్రం కూరగాయల మళ్లు, పూల తోటలు, ఫామ్‌హౌస్‌లు, మర్రిచెట్లు మిగిలాయి.

ఇంట్లో బల్లే ఆఫీసు కావడం ఈ ప్రాంతానికి ఐటీ నేర్పిన సంగతి కాదు. నిజాం కాలం నుంచి పట్వారీ ఇల్లే ఊరికి రెవెన్యూ ఆఫీసు. పహాణీలు, పన్ను లెక్కలు, ఎవరి పొలం ఎక్కడిదాకా అన్న వివరం అన్నీ బట్టలో కట్టిన దఫ్తరాలుగా అతని ఇంట్లోనే ఉండేవి. పట్వారీ నేల మీద కూర్చుని ముందున్న వాలుపెట్టె మీద కాగితం పెట్టి రాసేవాడు. పెట్టె మూత తీస్తే లోపల కలాలు, సిరా, ముద్రలు. ఊరి రైతు నిలబడి చూస్తుండగా ఆ మూత తెరుచుకోవడమే ప్రభుత్వం కనబడడం. వంశపారంపర్యంగా వచ్చిన ఆ అధికారం ఎంత పీడించిందో తెలంగాణ పల్లెకు వేరే చెప్పనక్కర్లేదు. ఎన్.టి. రామారావు ప్రభుత్వం 1984 జనవరిలో ఆర్డినెన్స్‌తో గ్రామాధికారుల వ్యవస్థను రద్దు చేసినప్పుడు, ఇళ్లల్లో ఉన్న రికార్డులు బయటికి తేవడమే ఒక పెద్ద పని అయింది. 1985లో మండలాలు ఏర్పడ్డాయి. చేవెళ్ల, మొయినాబాద్ మండల కేంద్రాలయ్యాయి, ఇంట్లో ఉన్న దఫ్తరం ప్రభుత్వ భవనంలో బీరువాకెక్కింది. నా వాదనకు ఇక్కడ కావలసింది ఒక్క సంగతే. ఇంట్లో రాతకోతల బల్ల ఎవరికుందో చూసి ఆ మనిషి దగ్గర ఏముందో ఊరు లెక్కగట్టే అలవాటు కంప్యూటర్ రాకముందే బలంగా ఉంది. బల్ల కనబడేలా ఉండడం ఆ అధికారంలో భాగం. తలుపులు మూసిన గదిలో కూర్చుని రాసే పట్వారీకి అంత గౌరవమూ ఉండేది కాదు, అంత భయమూ ఉండేది కాదు.

కంప్యూటర్ దగ్గరికొస్తే, హైదరాబాద్ దాన్ని ముందుగా చూసింది పడమట కాదు, తూర్పున. 1967లో ఆ వైపు పెట్టిన ఈసీఐఎల్ సంస్థ 1969లోనే టీడీసీ–12 అనే డిజిటల్ కంప్యూటర్ తయారు చేసింది. అది అణుశక్తి శాఖ ప్రపంచం, ఇళ్లకు దానితో సంబంధం లేదు. చేవెళ్ల రోడ్డు మీదికి కంప్యూటర్ వచ్చింది కాలేజీల వెంట. గండిపేటలో సీబీఐటీ 1979 నుంచే ఉంది, దాని పక్కన ఎంజీఐటీ 1997లో వచ్చింది. 1998లో అజీజ్‌నగర్‌లో విద్యాజ్యోతి, యెంకపల్లిలో జేబీఐఈటీ మొదలయ్యాయి. ఆ తర్వాత యెంకపల్లిలో జోగినపల్లి, చిలుకూరులో కేజీ రెడ్డి, అజీజ్‌నగర్‌లో కేఎల్ విశ్వవిద్యాలయపు హైదరాబాద్ ప్రాంగణం. జీవో 111 ఉన్న నేలలో ఇన్ని కాలేజీలు ఎలా లేచాయన్నది అనుమతుల కథ, ఇక్కడ దానిలోకి దిగను. ఫలితం మాత్రం విచిత్రంగా తేలింది. కంప్యూటర్ నేర్పే చోట్లు డజను, కంప్యూటర్ మీద జీతమిచ్చే చోట్లు దాదాపు సున్నా. నేర్చుకున్నవాడు పని కోసం ఈ నేల దాటాల్సిందే. చిలుకూరు బాలాజీకి వీసా బాలాజీ అనే పేరు రావడాన్ని భక్తి కోణంలోంచే చూడక్కర్లేదు. 11 ప్రదక్షిణలు చేసి కోరుకుని, అది తీరాక 108 చేసి మొక్కు తీర్చుకునే ఆ గుడి ఉన్నది మొయినాబాద్ మండలంలోనే, అక్కడ మొక్కుకునే ఉద్యోగాలు మాత్రం అమెరికాలోనో మాదాపూర్‌లోనో ఉన్నాయి.

ఆ తొలినాళ్ల కాలేజీ ల్యాబుల తీరు గుర్తుంటే, నేటి ముస్తాబు బల్ల మీద దాని ముద్ర తెలుస్తుంది. ల్యాబు గుమ్మం దగ్గర చెప్పులు విడవాలి. లోపల కార్పెట్, ఏసీ, కిటికీలకు దట్టమైన పరదాలు. మిగతా కాలేజీలో ఫ్యాను తిరగకపోయినా ల్యాబులో చల్లగా ఉండేది, మనుషుల కోసం కాదు, మెషీన్ల కోసం. వారానికి ఇన్ని గంటలని లెక్క, ఒక్కో మెషీన్‌కు ఇద్దరు ముగ్గురు, ఆటలు ఆడితే బయటికి. కంప్యూటర్ ముందు చేతులు కడుక్కుని కూర్చోవాలన్న భావం అక్కడ పట్టుకుంది. ఇంటికి కంప్యూటర్ వచ్చాక ఆ నియమాలూ వెంట వచ్చాయి. పిల్లలు ముట్టకూడదు, దుమ్ము పడకూడదు, వాడనప్పుడు ప్లాస్టిక్ ముసుగు కప్పి ఉండాలి. అదే సమయంలో ఇల్లు ల్యాబుకు ఎదురు కూడా అయింది. లెక్క గంటలు లేవు, పక్కన ఇద్దరు లేరు, ఆట ఆడొచ్చు. తనకంటూ ఒక మెషీన్, దానికంటూ ఒక బల్ల అన్న కోరిక ఈ రెండింటి మధ్యన పుట్టింది.

కాలేజీకి, ఇంటికి నడుమ ఇంకో మెట్టు ఉంది, ఈ సరదా గురించి మాట్లాడేవాళ్లు సాధారణంగా దాన్ని పట్టించుకోరు. అది మండల కేంద్రంలో డీటీపీ, జిరాక్స్ షట్టర్. 1998 నవంబర్ 4న ఉమ్మడి రాష్ట్రంలో రెండు వందలకు పైగా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుల్లో 'కార్డ్' పేరుతో రిజిస్ట్రేషన్లను కంప్యూటర్ మీదికి తెచ్చారు, తర్వాత మిగతా చోట్లకూ విస్తరించారు. పట్నం పక్కన భూములు చేతులు మారే వేగానికి దస్తావేజు లేఖరుల టైపుమిషన్లు మూలపడి, ఆఫీసు ఎదుట షట్టర్లలో కంప్యూటర్లు వెలిశాయి. పది పన్నెండు అడుగుల లోతు దుకాణం, ముందు జిరాక్స్ మెషీన్, వెనక గోడకు ఆనించి సన్‌మైకా బల్ల, దాని మీద టీవీఎస్ గోల్డ్ కీబోర్డు. అక్షరాలు అరిగిపోయి ఉంటాయి, ఆపరేటర్‌కు వాటితో పనిలేదు. గోడకు తెలుగు టైపింగుకు వాడే అను ఫాంట్ల కీబోర్డు చార్టు టేపుతో అంటించి ఉంటుంది, దానితోనూ పనిలేదు, కొత్తగా చేరిన కుర్రాడి కోసం అది. కొనేవాడి పేరు, తండ్రి పేరు, సర్వే నంబరు, నాలుగు దిక్కుల హద్దులు చదివి వినిపిస్తుంటే టకటకమని పడిపోతుంటాయి. ఆ టకటక మీద ఒక మాట. టీవీఎస్ గోల్డ్‌లో ఏళ్ల తరబడి వాడింది జర్మన్ కంపెనీ చెర్రీ తయారుచేసిన బ్లూ స్విచ్చులు. ఇవాళ కీబోర్డు ప్రియులు చప్పుడు కోసం, వేలికి తగిలే చిన్న కుదుపు కోసం ఏరికోరి కొనే స్విచ్చుల కుటుంబం అదే. చేవెళ్ల డీటీపీ ఆపరేటర్, ఆ తర్వాత మీసేవ ఆపరేటర్, ఎవరూ రివ్యూలు రాయని రోజుల్లోనే, రోజుకు ఎనిమిది పది గంటలు దాని మీద పనిచేశారు. సరదాగా కనిపించే సామాను ముందు పనిముట్టుగా పుట్టిందనడానికి ఇంతకంటే దగ్గరి సాక్ష్యం నాకు దొరకలేదు.

2000 తర్వాత అయిదారేళ్లలో కంప్యూటర్ ఇళ్లలోకి వచ్చింది. అది కంపెనీ డబ్బాలో రాలేదు. సికింద్రాబాద్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు పోయి, ఒక దుకాణంలో మదర్‌బోర్డు, ఇంకో దుకాణంలో ర్యామ్, మరోచోట క్యాబినెట్ ధర అడిగి, తెలిసినవాళ్ల చేత బిగించుకుని, ఆటోలోనో బస్సులోనో ఒళ్లో పెట్టుకుని తెచ్చుకున్నది. అప్పటి బల్ల ఈ కథలో ఆగి చూడాల్సిన వస్తువు. సన్‌మైకా అతికించిన పార్టికల్ బోర్డు, కింద నాలుగు చిన్న చక్రాలు, నడుమ ముందుకు లాగితే వచ్చే కీబోర్డు పలక. పలక ఇరుకు, మౌస్ పెట్టడానికి చోటు చాలదు, అందుకని మౌస్ పైన, కీబోర్డు కింద. అడుగు అరలో యూపీఎస్, కరెంటు పోగానే కీచుమని అరుస్తుంది. పెద్ద గూడు మానిటర్ వెనక భాగం గోడకు తగలకుండా బల్లను అడుగు ముందుకు జరపాలి. రెండు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్. ఈ సామాను అంతా పడకగదిలో కాకుండా ముందు గదిలో, టీవీ ఉన్న గోడకు ఎదురుగానో పక్కనో పెట్టేవాళ్లు. దసరాకు ఆయుధపూజలో బండికి, బోరు మోటారు స్టార్టరుకు పసుపు కుంకుమ పెట్టినట్టే క్యాబినెట్‌కూ పెట్టి, నిమ్మకాయ కోసేవాళ్లు. షోకు వస్తువుకు ఆయుధపూజ చెయ్యరు. అల్మారాలో గాజు బొమ్మలకు ఎవరూ కుంకుమ బొట్టు పెట్టరు. ఇల్లు ఆ బల్లను పనిముట్ల వరసలో కూర్చోబెట్టింది, అదీ అది సంపాదన మొదలుపెట్టకముందే. కొడుకో కూతురో రేపు దీని మీద బతుకుతారన్న లెక్క అందులో ఉంది.

ఆ బల్ల ఎలా ఉండాలో నిర్ణయించింది అభిరుచి కంటే కరెంటు, టెలిఫోన్ తీగ. 2005 జనవరిలో బీఎస్ఎన్ఎల్ డేటావన్ బ్రాడ్‌బ్యాండ్ వచ్చేదాకా డయలప్పే గతి. వచ్చాక కూడా ల్యాండ్‌లైన్ ఏ గదిలో ఉంటే కంప్యూటర్ ఆ గదిలోనే. రాత్రి రెండింటి నుంచి పొద్దున ఎనిమిది దాకా లెక్క లేకుండా వాడుకోనిచ్చే పథకం ఒకటి ఉండేది, దాని పుణ్యమా అని ఊళ్లో కొన్ని ఇళ్లలో ఆ వేళ దీపం వెలిగేది. చేను పక్కన బోరు మోటారు దగ్గర రైతు కరెంటు కోసం కాచుకునే వేళ కూడా దాదాపు అదే. వై.ఎస్. రాజశేఖరరెడ్డి పాదయాత్ర 2003 ఏప్రిల్ 9న మొదలైంది చేవెళ్లలోనే, ముఖ్యమంత్రిగా 2004 మే 14న ఆయన తొలి సంతకం వ్యవసాయానికి ఉచిత కరెంటు ఫైలు మీద. ఈ ప్రాంత రాజకీయాల్లో కరెంటు ఎంత పెద్ద మాటో అది చాలు చెప్పడానికి. సేద్యానికి ఇరవై నాలుగు గంటల కరెంటు తెలంగాణలో 2018 జనవరి 1న వచ్చింది. అప్పటిదాకా యూపీఎస్, స్టెబిలైజర్, ఇన్వర్టర్ లేని బల్ల బల్లే కాదు. నేటి ఫొటోల్లో ఇవేవీ కనబడవు, వైర్లతోపాటు వాటినీ దాచేస్తారు. ఫొటోను నమ్మి చరిత్ర రాస్తే రంగు లైట్లు మిగులుతాయి, బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ పోసిన చేతులు పోతాయి.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం వస్తుంది. చేవెళ్ల అంటే క్యారెట్, టమాటా, బంతి, చామంతి, గులాబీ. ఇంట్లో కంప్యూటర్ బల్ల ఉన్నవాళ్లు ఎందరని? గుప్పెడు మంది ముచ్చటను పట్టుకుని ప్రాంత చరిత్ర అనడం ఏం న్యాయం? లెక్కలూ ఈ అభ్యంతరం వైపే ఉన్నాయి. 2017–18 జాతీయ నమూనా సర్వే ప్రకారం దేశంలో పట్టణ కుటుంబాల్లో 23.4 శాతానికి కంప్యూటర్ ఉంటే, గ్రామీణ కుటుంబాల్లో 4.4 శాతానికే ఉంది. ఈ మండలాలు నగరాన్ని ఆనుకుని ఉన్నాయి కాబట్టి కొంత ఎక్కువే ఉండొచ్చు, అయినా రైతు ఇంటికీ ఐటీ ఇంటికీ మధ్య దూరం కళ్ల ముందున్నదే. కానీ ఈ అరుదుదనం నా వాదనను పడగొట్టదు. పట్వారీ ఊరికి ఒక్కడే, అందుకనే అతని పెట్టె లెక్కలోకొచ్చింది. ఇంటింటా ఉన్న వస్తువును ఎవరూ సింగారించి చూపించరు, ఎవరూ వచ్చి చూడరు. పైగా ఆ బల్ల ఉన్న ఇల్లూ, పూల తోట ఉన్న ఇల్లూ చాలాసార్లు ఒకటే. తండ్రి గుడిమల్కాపూర్ మార్కెట్‌కు పూలు పంపుతాడు, కొడుకు మేడ మీద గదిలో టెస్టింగ్ పని చేస్తాడు. బోరు లోతుకు పోయిన ఏడాది బల్ల ఇంటిని నిలబెట్టొచ్చు, ఉద్యోగం పోయిన ఏడాది తోట నిలబెట్టొచ్చు.

2020 మార్చి ఈ కథలో మలుపు అనడం తేలిక. నిజానికి ఆ మలుపు ప్రభుత్వ నిబంధనల్లో ఉంది. అంతకు ముందు కాల్ సెంటర్ల తరహా కంపెనీలు తమ ఉద్యోగి చేత ఇంటి నుంచి పనిచేయించాలంటే టెలికాం శాఖ దగ్గర కోటి రూపాయల పూచీకత్తు వంటి షరతులకు ఒప్పుకోవాల్సి వచ్చేది. అంటే ఇంటి బల్లకు ఆఫీసు హోదా ఇవ్వడం చట్టం దృష్టిలో ప్రమాదమైన పని. కరోనా ముంచుకొచ్చాక టెలికాం శాఖ ఆ షరతులను తాత్కాలికంగా సడలించింది, 2020 నవంబర్ 5న కొత్త మార్గదర్శకాలతో దాదాపు ఎత్తేసింది. ప్రత్యేక ఆర్థిక మండళ్లలోని కంపెనీలకు 2022 జూలైలో 43ఏ నిబంధన చేర్చి సగం మంది దాకా ఇంటి నుంచి పనిచేయొచ్చన్నారు. లాక్‌డౌన్ మొదట్లో హైదరాబాద్ కంపెనీలు డెస్క్‌టాప్‌లను వ్యాన్లలో ఉద్యోగుల ఇళ్లకు పంపాయి. హాస్టల్ ఖాళీ చేసి ఊరికి వచ్చిన పిల్లలు మొదట మంచం మీద, తర్వాత డైనింగ్ బల్ల మీద, నడుము నొప్పి పుట్టాక అసలు బల్ల మీద కూర్చున్నారు. ఆ బల్ల పైసలు ఎవరివి? కొన్ని కంపెనీలు కుర్చీకి, నెట్‌కు కొంత ఇచ్చాయి. చాలామందికి జాగ, కరెంటు, ఇన్వర్టర్, కుర్చీ అన్నిటికీ చేతి చమురే వదిలింది. తెలంగాణకు ఇది తెలియని ఏర్పాటు కాదు. నిజామాబాద్, కరీంనగర్ వైపు బీడీలు చుట్టే ఆడవాళ్లు ఆకు, తంబాకు కంపెనీ ఇస్తే నేల, దీపం, ఒళ్లు తమవి పెట్టి పనిచేస్తూ వచ్చారు. వాళ్ల విషయంలో 1966 నాటి బీడీ కార్మికుల చట్టం ఇంట్లో చుట్టే మనిషినీ కార్మికురాలిగా గుర్తించింది. ఇంటి పెరడులో ఆఫీసు నడుపుతున్న ఇంజనీరుకు ఆ పాటి పేరు కూడా చట్టంలో స్పష్టంగా లేదు. అతను తన కుర్చీని ముచ్చటగా చూపించుకుంటున్నాడంటే, ఖర్చు తనదే కాబట్టి కనీసం ఎంపిక తనదని చెప్పుకోవడం అందులో ఉందని నేను అనుకుంటాను.

రెండో అభ్యంతరం ఇంకా పదునైనది. ఈ బల్లల్లో చాలా వాటి మీద పని జరగదు, ఆటలు జరుగుతాయి. గ్రాఫిక్స్ కార్డు, రంగులు మారే ఫ్యాన్లు, రేసింగ్ కారు సీటు లాంటి కుర్చీ, ఇవి బతుకుదెరువు ఎలా అవుతాయి? 2018 ఆగస్టు 9న రాయదుర్గంలో ఐకియా దేశంలో తన మొదటి దుకాణం తెరిచాక, పలక ఒకచోట కాళ్లు ఒకచోట ఎంచుకుని ఇంట్లో బిగించుకునే బల్లలు చేవెళ్ల రోడ్డుకు కూడా అందుబాటులోకి వచ్చాయి, అదంతా కొనుగోలు సంస్కృతి కాదా? ఇందులో కొంత ఒప్పుకోవాలి. ఒక కీబోర్డు చప్పుడు బాగుందని ఇంకోటి కొనడానికి ఏ ఆర్థిక కారణమూ చెప్పలేం, చెప్పనూ అక్కర్లేదు. మనిషి తన పనిముట్టును ప్రేమిస్తాడు. మగ్గానికి పసుపు రాసే సాలెవారింట్లోనూ, లారీ ముందు అద్దానికి పూలదండ, తోక మీద బొమ్మలు వేయించే డ్రైవర్ దగ్గరా అదే కనబడుతుంది. అయితే ఈ ప్రియులు ఒకరి బల్లను ఒకరు ఎలా విమర్శించుకుంటారో గమనిస్తే ఆఫీసు వాసన తగులుతూనే ఉంటుంది. మానిటర్ పై అంచు కంటి ఎత్తులో ఉందా, మోచేతులు తొంభై డిగ్రీల్లో ఆనుతున్నాయా, కిటికీ వెలుగు తెర మీద పడుతోందా, వీడియో కాల్‌లో వెనక గోడ ఎలా కనబడుతుంది, ఇవి వాళ్ల మాటలు. ఆట ఆడేవాడికి వెనక గోడతో పని లేదు. మేనేజరుకు కనబడేవాడికి ఉంది.

ఇంతకంటే నన్ను ఇబ్బంది పెట్టే ప్రశ్నను ఎవరూ అభ్యంతరంగా లేవనెత్తరు. ఆ ఫొటోల్లో బల్ల ఉంటుంది, ఇల్లు ఉండదు. ఇంట్లో ఇద్దరు ఇంజనీర్లుంటే ముస్తాబు బల్ల ఎక్కువసార్లు మగవాడిది. ఆమె ల్యాప్‌టాప్ వంటింటి పక్క బల్ల మీద, పిల్లవాడి పుస్తకాల మధ్య. 2019 జాతీయ కాల వినియోగ సర్వేలో జీతం లేని ఇంటి పనికి ఆడవాళ్లు రోజుకు 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు వెచ్చిస్తున్నట్టు తేలింది, అదీ ఆ పని చేస్తామన్న మగవాళ్లను మాత్రమే లెక్కలోకి తీసుకుంటే. ఆ తేడా రెండు వందల నిమిషాలు ఏ బల్ల దగ్గర కూర్చోవాలో కూడా నిర్ణయిస్తాయి. పొయ్యి మీద పాలు కనబడే చోట కూర్చోవలసిన మనిషికి మానిటర్ వెనక లైటు పట్టీ ఎందుకు? మొయినాబాద్ కాలేజీల కంప్యూటర్ సైన్స్ తరగతుల్లో ఆడపిల్లల సంఖ్య తక్కువేం కాదు. బల్లల ముచ్చట్లలో మాత్రం వాళ్లు అంతగా కనబడరు. ఇంటి బల్ల ఆఫీసే అన్న నా మాట నిజమైతే, ఆ ఆఫీసులో సీటు ఎవరికి దొరికిందన్నదీ దాని చరిత్రలో భాగం, ఈ భాగం నా వాదనకు అంత సొంపుగా లేదని ఒప్పుకుంటాను. పట్వారీ పెట్టె ముందు కూడా ఆడవాళ్లు కూర్చున్నది లేదు.

మిగిలింది రేపటి సంగతి. 2022 ఏప్రిల్ 12న జీవో 69తో 111 ఆంక్షల్ని సడలించారు, 2023 మేలో మంత్రివర్గం దాన్ని పూర్తిగా ఎత్తేయాలని నిర్ణయించింది. జలాశయాల భవిష్యత్తు మీద తగువు మాత్రం తెగలేదు. రేపు ఈ నేల మీద కూడా టవర్లు లేస్తే, పొద్దున బండి వేసుకుని పోయి సాయంత్రం వచ్చే ఉద్యోగం ఊళ్లోనే దొరికితే, ఈ బల్లలు నిజంగానే షోకు వస్తువులై ముందు గదిలో మూలకు చేరతాయని ఒక అంచనా. నాకు నమ్మకం లేదు. వారానికి రెండు మూడు రోజులు ఆఫీసుకు రమ్మంటున్న కంపెనీలు మిగతా రోజుల బల్లను రద్దు చెయ్యలేదు, చెయ్యడం వాటికి లాభమూ కాదు. పది మందికి ఆరు సీట్లు కట్టి మిగతా నాలుగు ఉద్యోగుల ఇళ్లలో ఉంచితే అద్దె, కరెంటు, కుర్చీ మిగులుతాయి. అజీజ్‌నగర్‌లో టవర్ లేచినా, దాన్ని కట్టేవాళ్లు చేవెళ్లలో మేడ మీది గదిని లెక్కలో వేసుకునే కడతారు.